అంచెత్తి నడిచిన నత్త

మా అత్తగారు లేసు సూది పక్కన పెట్టేసిన చలికాలంలోనే మా ఇంటికి ఆ నత్త వచ్చింది. రెండేళ్ళుగా నేను అలాంటి దానికోసమే వెతుకుతున్నాను గానీ, తీరా అది వచ్చిన రోజున నేను ఇంట్లో లేను.

ముందు సూది సంగతి చెప్పాలి. మా అత్తగారి పేరు దీనమ్మ. పదో ఏట వాళ్ళమ్మ పక్కన పీట వేసుకుని అల్లడం మొదలుపెట్టిన మనిషి, అరవై నాలుగో ఏడు వచ్చేదాకా ఆపలేదు. మొగల్తూరులో మా చర్చి వీధిలో ఒకప్పుడు ఇంటికొకరు లేసు అల్లేవారు. ఇప్పుడు ఇద్దరో ముగ్గురో మిగిలారు. ఏజెంటు అమ్మిరాజుగారు కష్టమైన నమూనా ఏదైనా వస్తే నేరుగా మా గుమ్మంలోకే వచ్చేవారు. ఆ నవంబరు మొదట్లో ఆవిడ కుడికంటికి శుక్లం తీయించాం. ఎడమకంటికి కూడా ఉంది, రెండు నెలలాగి చేద్దామన్నారు డాక్టరు. కొత్త కళ్ళజోడు వచ్చాక, ఆపరేషనుకి ముందు సగంలో ఆపిన బల్లగుడ్డని పూర్తిచేసి అమ్మిరాజుగారికి పంపించారు. వారం తిరక్కుండా ఆయన దాన్ని వెనక్కి తెచ్చి, ఎంతో నొచ్చుకుంటూ అరుగు మీద పెట్టారు. సగం పువ్వులు తెల్లదారం, సగం మీగడరంగు దారం పడ్డాయట. ఎండలో పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతోందట.

అత్తగారు బల్లగుడ్డని మడతపెట్టి బీరువా అడుగున పెట్టారు. సూదులూ దారం ఉండలూ బిస్కెట్ల డబ్బాలో సర్ది మూత బిగించారు. మర్నాడు మా ఆయన జాషువా కంట్లో చుక్కలు వేస్తుంటే, ఆపరేషనుతో కన్ను రంగు తప్పిందనీ, ఈ కంటికి ఒక తెలుపు ఆ కంటికి ఒక తెలుపు కనబడుతున్నాయనీ, రెండో కన్ను ఎవర్నీ ముట్టుకోనివ్వననీ చెప్పారు. జాషువా ఎంత నచ్చజెప్పినా ఆ మాట మీదే ఉండిపోయారు.

నాకు జాలి ఉంది గానీ తీరిక లేదు. నేను నరసాపురంలో డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు మీద జువాలజీ చెప్తాను. ఆరేళ్ళ కిందట మొదలుపెట్టిన పిహెచ్‌డీకి మార్చితో గడువు ముగుస్తోంది. నా విషయం సముద్రపు నత్తలు, అందులోనూ గుల్ల లేనివి. చాలావరకు వేలెడంతే ఉంటాయి. దాక్కోవడానికి గుల్ల లేదు కాబట్టి వాటిలో కొన్నిటికి ఒళ్ళంతా రంగులే, నన్ను తింటే చేదు అని చేపలకి తెలియడానికి. రాళ్ళూ పగడాలూ ఉన్న తీరాల్లో అవి బాగా దొరుకుతాయి. మనదేమో గోదావరి తెచ్చి పోసిన బురద తీరం. విశాఖపట్నంలో ఉండే మా గైడు రమ్యశ్రీ మేడం మొదట్లోనే అన్నారు, అక్కడేం ఉంటాయమ్మా అని. ఉంటాయని చూపించాలని నా పట్టుదల. రెండేళ్ళు తిరిగితే పదకొండు రకాలు దొరికాయి, పదకొండూ బురదరంగువే. రంగులది ఒక్కటీ లేదు.

వాటిని స్పిరిట్‌లో వేసి ఉంచిన సీసాలన్నీ వంటింటి పక్క గదిలో వరసగా ఉండేవి. అత్తగారు వాటి జోలికి వచ్చేవారు కాదు. డీఎస్సీ రాసుకుంటే ఈపాటికి టీచరయ్యేది కదరా అని జాషువాతో అనడం నాకు వినబడేది. నాతో ఆవిడ మాట్లాడేది కూర గురించీ, చర్చి గురించీ. నేనూ అంతే. తొమ్మిదేళ్ళలో మేమిద్దరం పోట్లాడుకున్నదీ లేదు, కూర్చుని కబుర్లు చెప్పుకున్నదీ లేదు.

క్రిస్మస్ ఇంకో పది రోజులుందనగా కాలేజీలో సెమిస్టరు పరీక్షలు జరుగుతున్నాయి. పొద్దున ఒక పేపరు, మధ్యాహ్నం ఒక పేపరు. డ్యూటీలో ఉన్నవాళ్ళ ఫోన్లన్నీ ప్రిన్సిపాల్ గదిలో పెట్టించేవారు.

మాకు చేపలు తెచ్చే నాగదుర్గది పేరుపాలెం పక్కన, సముద్రం ఒడ్డునే ఇల్లు. వాళ్ళాయన వీరబాబు పీతల వల వేస్తాడు. ఆ వలలో పీతలతో పాటు స్పాంజి ముద్దలూ, నాచూ, పగిలిన గుల్లలూ వస్తాయి. అందులో కదిలేది ఏం కనబడినా సముద్రపు నీళ్ళతో సహా తెచ్చిపెట్టమని నాగదుర్గకి ఎప్పుడో చెప్పి ఉంచాను. ఆ రోజు పొద్దున నేను కాలేజీకి బయల్దేరాక, చేపల గంపతో పాటు ఒక స్టీలు క్యాను కూడా పట్టుకొచ్చింది.

నేను సాయంత్రం ఐదింటికి ఇల్లు చేరేసరికి అత్తగారు పెరటి వరండాలో పీట మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా తెల్ల పింగాణీ గిన్నె, పక్కన మూత తీసిన బిస్కెట్ల డబ్బా. నాగదుర్గ ఊళ్ళో చేపలు అమ్ముకుని తిరిగివచ్చి, గట్టు మీద కూర్చుని నాకోసం చూస్తోంది.

"నీ ఫోను ఎన్నిసార్లు కొట్టినా పలకలేదమ్మాయ్," అన్నారు అత్తగారు. "మూడున్నర దాకా బాగానే నడిచింది. తర్వాత ముడుచుకుపోయింది."

గిన్నెలో బొటనవేలి మొదలంత ముద్ద ఉంది. అంచులు లోపలికి చుట్టుకుని, రంగంతా వెలిసి, నానిన అటుకుల్లా అయిపోయింది. పుల్లతో మెల్లగా తాకాను. కదల్లేదు. చేతిసంచీ భుజానే ఉంచుకుని అక్కడే కూలబడ్డాను.

నాగదుర్గ ఫొటో తీశానంటూ తన ఫోను ఇచ్చింది. పగిలిన అద్దం వెనక నీళ్ళ మీద ఎండ తళతళలాడుతోంది, దాని కింద ఏదో పసుపు మరక. అంతే. ఈ జాతుల్ని గుర్తుపట్టేది ముఖ్యంగా బతికున్నప్పటి రంగుతోనే. అంచున చారలు ఏ వరసలో ఉన్నాయి, వీపు మీద మచ్చలెలా ఉన్నాయి, ఇవే చూస్తాం. స్పిరిట్‌లో వేశాక మిగిలిన కాస్త రంగూ రోజుల్లో పోతుంది. ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు గానీ, నా మొహంలో కనబడే ఉంటుంది.

అత్తగారు డబ్బాలోంచి రెండు లేసు ముక్కలు తీసి నా ఒళ్ళో పెట్టారు. ఒక్కొక్కటి చూపుడువేలంత పొడవు.

"బతికుండగా చూడకపోతే రంగు రాయలేమని నువ్వు ఫోనులో ఎవరితోనో అంటుంటే విన్నాను. మీ రాతలు నాకు రావు కదా. అందుకని అల్లాను."

"రెండెందుకండీ, అత్తయ్యా?"

"ఇది కుడికంటికి కనబడింది. ఇది ఎడమకంటికి కనబడింది. ఏది నిజమో నాకు తెలీదు. నువ్వే తేల్చుకో."

రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండింటికీ కొసన సన్నటి తెల్లంచు, మధ్యలో లేత పసుపు, దాని మీద చిన్న చిన్న మచ్చలు. తేడా ఒక్కచోటే. తెల్లంచుకి లోపల, కుడికంటి ముక్కలో ఊదా చార ఉంది. ఎడమకంటి ముక్కలో అదే చోట మట్టిరంగు చార.

నేను నోటుబుక్కు తీశాను. అప్పుడు మొదలైంది అసలు సంగతి. నేను ఒకటడిగితే ఆవిడ నాలుగు చెప్పారు. వీపు మీద మచ్చలు ఇరవై రెండు, కుడిపక్క రెండు మచ్చలు అంటుకుపోయి ఒకటిలా ఉన్నాయి. ముందు రెండు కొమ్ములు, వాటికి అడ్డంగా సన్నటి గీతలు. వెనక పువ్వులా విచ్చుకున్నది ఒకటి ఉంది, దానికి తొమ్మిది రేకలు, మూడుసార్లు లెక్కపెట్టారు. వేలితో తాకితే ఆ పువ్వు లోపలికి వెళ్ళిపోయింది, కాసేపటికి మళ్ళీ వచ్చింది. ఆవిడ పువ్వంటున్నవి మొప్పలని నేను చెప్తే, అలాగా అని తలూపి, మళ్ళీ పువ్వనే అన్నారు. పొద్దున్నుంచీ ఆవిడ అన్నం కూడా తినలేదని నాగదుర్గ మధ్యలో అందించింది.

"నడక ఎలా ఉందండీ?" అని అడిగాను చివర్లో.

"ముందంచు పైకెత్తి దించుతూ, ఎత్తి దించుతూ పోయింది. కాలవలో దిగినప్పుడు చీర కుచ్చిళ్ళు ఎత్తుకుని నడుస్తాం చూడు, అలాగ."

నా కలం ఆగిపోయింది. ఈ నత్తల కుటుంబంలో కొద్ది జాతులే అలా నడుస్తాయి. అది పుస్తకాల్లో ఉంది. ఆ పుస్తకాలు ఆవిడ చూసే వీలు లేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. అంచెత్తి నడిచేవీ, పసుపు వీపు మీద మచ్చలున్నవీ ఏరుకుంటూ పోతే చివరికి రెండు జాతులు మిగిలాయి. రెండింటికీ బారెడు లాటిన్ పేర్లు, దాదాపు ఒకే పోలిక. ఒకదానికి తెల్లంచు లోపల ఊదా చార ఉంటుంది. రెండోదానికి మట్టిరంగు చార. అంటే ఒక జాతి కుడికంటిది, ఇంకో జాతి ఎడమకంటిది. గదిలో నేనొక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను.

రమ్యశ్రీ మేడంకి ఫోను చేసి అంతా చెప్పాను. లేసు ముక్కల ఫొటోలు పంపమంటే పంపాను. ఆవిడ వాటిని పెద్దవి చేసి చూశారు. తర్వాత, తన స్టూడెంట్లే మొప్పలు సరిగ్గా లెక్కపెట్టరు, ఈవిడెవరో లెక్కపెట్టారే అన్నారు. అయితే దీన్ని థీసిస్‌లో పెట్టడం కుదరదనీ, బతికున్న దాన్ని మంచి కెమెరాతో తీస్తేనే ఫలానా జాతని రాయనిస్తాననీ, జనవరి ఆఖరు దాటితే ఈ అధ్యాయం వదులుకోవాల్సిందేననీ కూడా చెప్పారు.

ఈ మాట అత్తగారికి ఎలా చెప్పాలా అని నేను రెండు రోజులు నలిగాను. చెప్పాక ఆవిడేం చిన్నబుచ్చుకోలేదు.

"ఆవిడ చెప్పింది సబబే. సాక్షి రెండు మాటలు చెప్తే ఎవరు ఒప్పుకుంటారు? వీరబాబు ఏ రోజుల్లో వల తీస్తాడో కనుక్కో," అన్నారు.

పండగ హడావిడి అయిపోయి, గుమ్మంలో నక్షత్రం దింపేశాక, శనివారాలు మేమిద్దరం ఆటోలో సముద్రం ఒడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టాం. అంత దగ్గర్లో పుట్టి పెరిగి కూడా అత్తగారు సముద్రం చూసింది నాలుగైదుసార్లేనట. ఆడవాళ్ళు సరుగుడు చెట్ల నీడన వల పరుచుకుని పీతలు విడదీస్తుంటే, వీరబాబు ఆవిడకి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసేవాడు. ఆవిడ తెల్ల బేసిను ఒళ్ళో పెట్టుకుని, స్పాంజి ముద్దలు ఒక్కొక్కటీ నీళ్ళలో తిప్పి చూసేవారు. దారంలో చిక్కు తీసే చేతులు కదా, ఒక్క ముద్ద కూడా చితికేది కాదు. తినడానికీ అమ్మడానికీ పనికిరాని దానికోసం ఇంత ఇదెందుకండీ అని వీరబాబు అడిగితే, నేనింతకాలం అల్లిన లేసు ఎవరైనా తిన్నారా అని అడిగారట. ఆ మాట ఒడ్డంతా పాకిపోయి, మేము వెళ్ళగానే ఎవరో ఒకరు మళ్ళీ చెప్పి నవ్వేవారు.

నాలుగు శనివారాలు వెళ్ళాం. ఏమీ దొరకలేదు. కానీ ఆటోలో వెళ్తూ వస్తూ గంటేసి సేపు మాట్లాడుకునేవాళ్ళం. చిన్నప్పుడు దారం మురికి కాకుండా చేతులకి బియ్యప్పిండి రాసుకుని అల్లేవాళ్ళమని ఆవిడ చెప్పేవారు. మార్చి అంటే నాకు ఎంత భయంగా ఉందో నేను చెప్పాను. జాషువాకి కూడా అంత వివరంగా చెప్పలేదు.

"డీఎస్సీ రాయమని నేననేది నీ చదువంటే పడక కాదు," అన్నారు ఒకసారి, బయటి చేపల చెరువుల కేసి చూస్తూ. "తెల్లబడ్డ నత్త ఉన్న సీసా పట్టుకుని నువ్వు కళ్ళు తుడుచుకోవడం ఓసారి చూశాను. ఎందుకీ పిల్లకి ఈ బాధ అనిపించింది."

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆటో కుదుపులకి పట్టుకున్నానని అనుకున్నా అనుకుని ఉంటారు.

జనవరి ఆఖరి శనివారం వల ఆలస్యంగా వచ్చింది. పదకొండు దాటింది, నీళ్ళు మెరుస్తున్నాయి. నేను కాలేజీ కెమెరాకి బ్యాటరీ వేస్తున్నాను.

"అమ్మాయ్," అన్నారు అత్తగారు. మామూలుగానే పిలిచారు, ఉప్పు డబ్బా అందుకోమన్నట్టు.

వెళ్ళి చూశాను. కోడిగుడ్డంత స్పాంజి ముద్ద మీదనుంచి అది బేసిను అడుగుకి దిగుతోంది. ఒకటిన్నర అంగుళం ఉంటుంది. లేత పసుపు ఒళ్ళు, మచ్చలు, వెనక పువ్వు. ముందంచు ఎత్తుతోంది, దించుతోంది. నాగదుర్గా మిగతా ఆడవాళ్ళూ చుట్టూ మూగారు. నేను ఫొటోలు తీశాను, వీడియో తీశాను, స్కేలు పక్కన పెట్టి తీశాను. రేకలు లెక్కపెట్టాను. ఇవి కూడా తొమ్మిదే. అరగంట పట్టింది. అంతసేపూ అత్తగారు ఒక చేత్తో ఒక కన్ను మూసుకోవడం, తర్వాత రెండో కన్ను మూసుకోవడం నేను ఓరగా చూస్తూనే ఉన్నాను.

"నీకు ఏ రంగు కనబడుతోంది, ఆ చార?" అని అడిగారు చివరికి.

ఆవిడ సంచీలో రెండు దారం ఉండలూ ఉన్నాయి. నాలుగు వారాలుగా తెస్తూనే ఉన్నారు. నేను రెండూ తీసి బేసిను పక్కన పట్టుకుని చూశాను. ఊదా ఉండ ఆవిడ అరచేతిలో పెట్టాను.

కుడికంటి దారం అది. ఆవిడ దాన్ని కాసేపు అలా పట్టుకుని ఉన్నారు. గాలికి కొంగు తలమీంచి జారితే సర్దుకోలేదు.

"అయితే బల్లగుడ్డ మీద కొత్త పువ్వులు సరైనవే," అన్నారు. "తప్పు ఆపరేషనుకి ముందు అల్లినవన్నమాట. తెల్లదారమనుకుని మీగడరంగు పట్టుకున్నాను."

"అవునండీ."

"మరి ఏ సగం తప్పో అమ్మిరాజుగారు నాకు చెప్పలేదే."

"మీరు అడగలేదు కదండీ. మేమూ చూడలేదు."

ఆవిడ తలూపి బేసిను కేసి తిరిగారు. ఇది కూడా సీసాలోకేనా అని అడిగారు. నిజానికి అలాగే చెయ్యాలనుకుని వచ్చాను, మూతున్న సీసా సంచీలో ఉంది. కానీ మొదటిదాని ఒళ్ళు ఎలాగూ నా దగ్గర ఉంది. దానికి లేనిది రంగు మాత్రమే, అది ఇప్పుడు కెమెరాలోకి వచ్చింది. వద్దు లెండి అన్నాను. వీరబాబు మధ్యాహ్నం మళ్ళీ పడవ మీద వెళ్ళేటప్పుడు స్పాంజి ముద్దతో సహా తీసుకెళ్ళి, వల వేసిన చోటే వదిలేసి వచ్చాడు. దానికి ఆడవాళ్ళు ఇంతమంది చుట్టాలున్నారని తెలిస్తే ముందే జాగ్రత్తగా చూసుకునేవాణ్ణని అన్నాడట.

రమ్యశ్రీ మేడం ఫొటోలు చూసి ఒప్పుకున్నారు. కుడికంటి జాతే. కొత్తదేం కాదు, వేరే సముద్రాల్లో ఎప్పుడో పేరు పెట్టినదే. కానీ మా వెతుకులాటలో, గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్నట్టు ఎవరూ రాసినట్టు కనబడలేదు. నా పన్నెండో రకం అది. ఎవరు ముందు చూశారో ఆ పేరు థీసిస్‌లో వెయ్యమని మేడమే చెప్పారు. ఆ మాట ఇంట్లో చెప్తే జాషువా రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. అత్తగారు మాత్రం బీరువా అడుగునుంచి బల్లగుడ్డ తీసి, పాత పువ్వులు ఊడదీసే పనిలో ఉన్నారు.

ఫిబ్రవరిలో ఎడమకంటికి కూడా ఆపరేషను అయింది. ఎప్పుడు తీసుకెళ్తావని ఆవిడే అడిగారు. పదిహేను రోజులు నల్లకళ్ళజోడు పెట్టుకుని, చదవకుండా, అల్లకుండా కూర్చోమన్నారు డాక్టరు. ఊరికే కూర్చోవడం ఆవిడకి చేతకాదు. అందుకని నేను రాసింది రాసినట్టు తెలుగులో చదివి వినిపించేదాన్ని. పన్నెండో రకం వర్ణన దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

పొడవు చదివాను. కొమ్ములు చదివాను. మచ్చలు చదివాను. అంచు దగ్గరికి వచ్చాను. "అన్నిటికన్నా బయట సన్నటి తెలుపు, దాని లోపల ఊదా చార," అని చదివాను.

"ఊదా అనే రాశావా?"

"అవునండీ. ఇంగ్లీషులో పర్పుల్ అని."

"ఊదాలు ఎన్ని లేవు? నా డబ్బాలోనే నాలుగున్నాయి. వంగపువ్వు రంగని రాయి. విచ్చిన మొదటి రోజు ఎలా ఉంటుందో అది."

"బయటి దేశాలవాళ్ళు కూడా చదువుతారండీ. వాళ్ళకి వంగపువ్వంటే తెలుస్తుందా?"

"వంకాయ తినరా ఏంటి వాళ్ళు?" అన్నారు అత్తగారు. "తెలీకపోతే ఒక మొక్క వేసుకుని చూసుకుంటారు."

నేను పర్పుల్ కొట్టేసి, ఆవిడ చెప్పినట్టే రాశాను. రమ్యశ్రీ మేడం ఆ అధ్యాయమంతా ఎర్ర ఇంకుతో దిద్ది పంపారు. కామాలు మార్చారు, రెండు పేరాలు తీసేయమన్నారు. వంగపువ్వు పక్కన మాత్రం చిన్న టిక్కు పెట్టి వదిలేశారు.